చివరి స్తంభం దగ్గర వోల్టేజీ

ఇంజనీరింగు పాసై లైన్ల మీదికి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నన్ను చూడగానే అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, ఆ రోజుల్లో ఆడమనిషి అయ్యుండి ఎట్లా నెగ్గుకొచ్చారు?" ఆ ప్రశ్నంటే నాకు విసుగు. స్తంభానికి ఆడా మగా తెలియదు. తప్పుగా ముట్టుకుంటే ఇద్దర్నీ ఒకేలా కొడుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది, దాన్ని ఎవరూ అడగరు: "కరెంటు బయల్దేరిన చోట బాగానే ఉంది కదా, చేరాల్సిన చోటికి ఎందుకు చేరడం లేదు?" నేను చేసిన ఉద్యోగమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

డెబ్భైల చివర్లో ఆదోనిలో చేరాను. ఎనభైల్లో ఎమ్మిగనూరు పక్క పల్లెల లైన్లు చూశాను. యాభై నిండకముందే నా అంతట నేనే ఉద్యోగం మానుకున్నాను. ఎందుకు మానానో, ఎవరికి ఏ పదవి వచ్చిందో రాస్తే మీకు నిద్ర వస్తుంది, నాకు కోపం వస్తుంది. కాబట్టి పని గురించే రాస్తాను.

దారిలో దిగిపోయిన మనిషి

ఆదోనిలో నా పై అధికారి ఖాసిం సాబ్. ఆ ఊరి మనిషే. కోపం వస్తే ఆయనకు ఉర్దూ వచ్చేది. సంతోషం వచ్చినా ఉర్దూనే వచ్చేది. ఏది ఏమిటో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నేను చూసిన అధికారుల్లో వోల్టుమీటరును తన చేత్తో మోసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లకు దాన్ని మోయడానికి మనిషి కావాలి, చదవడానికి ఇంకో మనిషి కావాలి.

ఒక పత్తి మిల్లు యజమాని వచ్చి గొడవ పెట్టాడు. గింజ తీసే మిషన్లు వేస్తే మోటారు మూలుగుతోందట, లైట్లు మసకబారుతున్నాయట. "మీ కరెంటులో దమ్ము ల్యా సాబ్" అన్నాడు. నేనూ, నాతో పాటు చేరిన ఇంకో ఇంజనీరూ వెళ్లి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొలిచాం. వోల్టేజీ నిండుగా ఉంది. మావాడు మీటరు సర్దేసి, "సప్లై బాగుంది, మోటారులోనే లోపం" అని తీర్పు చెప్పేశాడు. మా వెంటే వచ్చిన ఖాసిం సాబ్ నవ్వాడు.

"ఎమ్మిగనూరులో బస్సెక్కిన మనిషి ఆదోనికి రాలేదనుకో. నువ్వు ఎమ్మిగనూరు బస్టాండుకు పోయి, 'ఈడ ఎక్కినాడు, అంతా బాగుండాది' అంటే సరిపోతాదా? దారిలో యాడ దిగినాడో సూడల్ల గదప్పా."

అప్పటికి మోటారు ఆపి ఉంది. నేను మిల్లు లోపలి స్విచ్చి దగ్గర కొలిచి, "ఇక్కడా నిండుగానే ఉంది సార్" అన్నాను.

"ఖాళీ బస్సులో ఎవురు దిగుతారు బేటీ? మోటారు తిప్పమను."

తిప్పించారు. ఒక్కో జాయింటుకూ ముందొకసారి, వెనకొకసారి కొలుచుకుంటూ వచ్చాం. మిల్లువాళ్ల మెయిన్ స్విచ్చిలో ఒక బోల్టు వదులై, దాని చుట్టూ రాగి నల్లగా మాడి ఉంది. దానికి ఇవతల వోల్టేజీ నిండుగా ఉంది. అవతల ముప్పై పైచిలుకు వోల్టులు తక్కువ. బోల్టు మార్చి బిగిస్తే మోటారు గుర్రంలా లేచింది. యజమాని మాత్రం, "మీరు వచ్చినారు గాబట్టి కరెంటు భయపడింది" అన్నాడు గానీ బోల్టు తనదే అని ఒప్పుకోలేదు.

పాఠం ఇంతే. తీగ గానీ, జాయింటు గానీ కరెంటుకు కొంత అడ్డం. అడ్డం ఎంత ఉందో, దాంట్లోంచి ఎంత కరెంటు నడుస్తోందో, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చినన్ని వోల్టులు ఆ చోటే దిగిపోతాయి. కరెంటు నడవనప్పుడు ఏ చెడ్డ జాయింటైనా పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులాగా బుద్ధిగానే కనిపిస్తుంది. లోడు వేసి కొలవండి. లోడు లేకుండా కొలిచి, అంతా బాగుందని సంతకం పెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు చాలా పైకి వెళ్లారు.

బల్బు సాధువు, మోటారు మొండిది

కాలేజీలో మనకు నేర్పేది బల్బు నీతి. వోల్టు తగ్గితే కరెంటు తగ్గుతుంది, బల్బు ఎర్రబడుతుంది, ఎవరికీ నష్టం లేదు. బల్బు ఉన్నదాంట్లో సర్దుకుంటుంది. ఈ నీతినే తలలో పెట్టుకుని బావుల దగ్గరికి వెళ్లకండి. నీళ్లు తోడే మోటారు సర్దుకోదు. దానికి తోడాల్సిన నీళ్లు తోడాల్సిందే. వోల్టేజీ తగ్గిందంటే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు లాగితే తీగలో ఎక్కువ వోల్టులు దిగిపోతాయి. అప్పుడు ఇంకా లాగుతుంది. కరెంటు రెండింతలైతే లోపలి చుట్టలో వేడి నాలుగింతలు. కొంతసేపటికి వార్నీషు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన తెలియని రైతు ఎమ్మిగనూరు తాలూకాలో ఆ రోజుల్లో లేడు.

"వోల్టేజీ తక్కువైతే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, అంతే కదా" అని నాతో వాదించిన ఇంజనీర్లున్నారు. వాళ్లతో వాదించి నోరు నొప్పి పుట్టాక, కాయిళ్లు చుట్టే దుకాణాల ముందు కుప్పగా పడి ఉండే నల్లటి రాగి తీగను చూసి రమ్మనేదాన్ని.

జొన్నదంటు

ఇక మార్తమ్మ సంగతి. నేను ఇదంతా రాయడానికి కూర్చున్నదే ఆమె కోసం.

గోనెగండ్ల దాటాక లోపలికి ఒక పల్లె. ఊరి దగ్గర ట్రాన్స్‌ఫార్మరు, దాన్నుంచి పొలాల మీదుగా పోయే ఒక్క లైను, దాని మీద తొమ్మిది బావుల మోటార్లు. లైను వేసినప్పుడు నాలుగే ఉండేవి. ఐదు తర్వాత చేరాయి, తీగ మాత్రం మొదటి రోజు వేసిన సన్న తీగే. లైను చివరి స్తంభం మార్తమ్మ చేనులో. ఊళ్లో మాలపల్లె కూడా చివరే, ప్రభుత్వం ఇచ్చిన చేను కూడా చివరే, కరెంటు కూడా చివరే. ఆమె ఆ సంవత్సరం మిరప వేసింది. భర్త గోనెగండ్లలో బండి తోలేవాడు. తోట మొత్తం ఆమె చేతిమీదుగానే నడిచేది.

మిరప పూతకు రాకముందే మోటారు రెండుసార్లు కాలిపోయింది. కాలినప్పుడల్లా దాన్ని బావిలోంచి పైకి తీసి, బండిలో వేసుకుని ఎమ్మిగనూరు తీసుకుపోయి చుట్టించుకుని రావాలి. అంతవరకూ తోటకు నీళ్లుండవు. లైన్‌మన్ నాగన్నతో కలిసి నేను వెళ్లిన రోజు మోటారు కొట్టంలో స్టార్టరు చూసి ఆగిపోయాను. వోల్టేజీ పడిపోతే స్టార్టరు మీట తనంతట తను జారి మోటారును ఆపేయాలి. దానికి ఆ తెలివి పెట్టిందే అందుకు. ఇక్కడ ఆ మీట జారకుండా సందులో ఒక జొన్నదంటు ముక్క ఇరికించి ఉంది. ఆ పక్కన పల్లెలన్నిట్లో ఇదే వైద్యం. ఎండిన దంటు కాబట్టి షాకు కొట్టదు, మెత్తగా ఉంటుంది కాబట్టి సందులో బాగా కూర్చుంటుంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనే పెట్టినా. ఇంగెవురు పెడతారు, మీ ఆఫీసరు వచ్చి పెడతాడా?"

"ఇది పెడితే మోటారు కాలుతుంది మార్తమ్మా."

"తీసేస్తే తోట కాలుతాది. రెండిట్లో ఏది కాలాల్నో నువ్వే సెప్పు ఇంజనీరమ్మా."

వోల్టుమీటరు పెడితే నాలుగు వందలు చూపాల్సిన చోట మూడు వందల దగ్గర ముల్లు ఆడుతోంది. జొన్నదంటు లేకపోతే ఆ మోటారు ఒక్క నిమిషం నిలవదు. ఉంటే నిలుస్తుంది, నిలిచి కాలుతుంది.

"మల్లా కాలితే?" అంది నాగన్నకేసి చూసి. ఆమే జవాబు చెప్పుకుంది. "మల్లా కాలితే పిలకాయల్ని తీసుకోని గుంటూరు పక్క వలస పోవల్ల. ఆడ కూడా మిరపకాయలే తెంపల్ల, సూడు. నా తోట ఎండబెట్టుకోని ఇంగొకరి తోటలో కాయలు తెంపేకి పోవల్ల."

ట్యాపు తిప్పిన దొర

నాకంటే ముందు ఒక అధికారి ఆ ఊరు వచ్చి వెళ్లాడు. పేరు అనవసరం. చివర్న వోల్టేజీ తక్కువ ఉందంటే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ట్యాపు, అంటే వోల్టేజీ సర్దే పిడి, తిప్పి మొదట్లో వోల్టేజీ పెంచేశాడు. మోటార్లన్నీ ఆడుతున్నంతసేపూ చివర్న పెద్దగా తేడా రాలేదు, పెంచినదంతా సన్న తీగే తినేసింది. మోటార్లు ఆగిన మరుక్షణం ఊళ్లో ఇళ్ల బల్బులు టపాటపా పేలాయి. తిమ్మప్ప ఇంట్లో రేడియో కాలిపోయింది. ఇతను ఊళ్లో పెద్ద రైతు, లైను నడుమ ఇతని బావి. మంజూరైనదానికంటే పెద్ద మోటారు పెట్టుకున్నదీ ఇతనే.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే ఒక తప్పు చెబుతాను. చివరివాడికి వోల్టేజీ రాలేదంటే అందరూ మొదటి స్తంభం దగ్గరివాణ్ని తిడతారు. మొదట్లో ఉన్నవాడి కరెంటు సన్న తీగలో దూరం నడవదు, వాడివల్ల నష్టం తక్కువ. నడుమ ఉన్న పెద్ద మోటారు కరెంటు సగం లైను పొడుగునా నడుస్తుంది. మార్తమ్మకు రావాల్సిన వోల్టులు దారిలో దిగిపోయేది అక్కడ.

మందమైన తీగ, కొత్త ట్రాన్స్‌ఫార్మరు కావాలని రాయడం రాశాను. వచ్చేలోపు మిరప ఆగదు కదా. ఎమ్మిగనూరు లైన్లూ ఆదోని కిందే కాబట్టి ఖాసిం సాబ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. తొమ్మిది మోటార్లూ ఒకేసారి ఆడకుండా, పూటకు మూడు చొప్పున వంతులు పెడితే తీగలో కరెంటు మూడోవంతుకు తగ్గుతుంది, దారిలో దిగిపోయే వోల్టులూ తగ్గుతాయి, చివర్న మోటారు నిలబడుతుంది అన్నాను.

"లెక్క బాగుండాది బేటీ" అన్నాడు. "లెక్కను తిమ్మప్పతో ఒప్పించు, సూస్తా."

ఆ మాట అని ఊరుకోలేదు. మరునాడు నాతో పాటు తనే వచ్చాడు.

నూనె డబ్బా

తిమ్మప్ప కొట్టం ముందు అందరం నిలబడ్డాం. వంతుల మాట ఎత్తగానే తిమ్మప్ప చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వంతులు మాకు నేర్పిచ్చల్లనా సాబ్? కాలవ నీళ్లకు వంతులు మా తాతల కాలం నుంచి ఉండాయి. నీళ్లు మళ్లించేకి నీరుగంటి ఉంటాడు. ఎవుడన్నా మడవ దొంగతనంగా తెంపితే కంటికి కనపడతాది. కరెంటు యాడ కనపడతాది? నేను ఏసినానో ఏయలేదో ఎట్ల తెలుస్తాది? కరెంటుకు నీరుగంటి ఎవురు?"

తెలివైన ప్రశ్న అది. నాకు అతనంటే కోపమే, అయినా ఆ ప్రశ్నను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. నాగన్నను రోజంతా అక్కడే కాపలా పెట్టలేను కదా.

ఖాసిం సాబ్ చుట్టూ చూసి, "ఒక ఖాళీ నూనె డబ్బా తెండి" అన్నాడు.

డబ్బా ఒక పక్క కోయించి, లోపల ఒక బల్బు పెట్టించాడు. మార్తమ్మ కొట్టం కప్పు మీద, కోసిన పక్క పొలాల వైపు ఉండేలా కట్టించాడు. డబ్బా లోపల నీడ ఉంటుంది కాబట్టి పగలు కూడా బల్బు వెలుగు దూరానికి తెలుస్తుంది. తర్వాత మూడు మోటార్లు వేయించాడు. బల్బు తెల్లగా వెలిగింది. నాలుగోది వేయించాడు, పసుపుకు తిరిగింది. ఐదూ ఆరూ వేయించేసరికి మాగిన టమాటా రంగుకు వచ్చింది. రైతులు ఒక్కొక్కరే గట్టు మీదికెక్కి చూశారు. మాటల్లో నేను గంటసేపు చెప్పినా ఎక్కని ఓం నియమం ఆ డబ్బాలో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. బల్బు సాధువని అన్నాను కదా, సాధువు అబద్ధం చెప్పడు.

"ఇదో మీ నీరుగంటి" అన్నాడు ఖాసిం సాబ్. "జీతం అడగదు, కల్లు తాగదు, ఎవురి మొగమూ సూడదు."

నవ్వారు. అంతకుముందు కాయిళ్లు కాలిన మరో ఇద్దరు రైతులు ముందుకొచ్చి సరేనన్నారు. తిమ్మప్ప ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. మేము బయల్దేరుతుంటే ఖాసిం సాబ్ మార్తమ్మను పిలిచి, "ఆ దంటు తీసేయమ్మా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "వాళ్లు వంతు తప్పితే?"

"తప్పితే నీ మోటారు ఆగిపోతాది, కాలదు. దంటు ఉంటే కాలిపోతాది."

"ఆగిపోయినా నా తోటకు నీళ్లు రావు గద సాబ్. మీరందరూ మోటారు గురించే సెప్తాండారు."

అయినా చివరికి తీసింది. నమ్మి తీసిందని నేననుకోలేదు. అందరూ చూస్తుండగా తీసింది, అంతే. దాన్ని విరిచి బావిలో వేసింది.

మొదటి వారంలోనే తిమ్మప్ప తప్పాడు. మూడో రోజో నాలుగో రోజో, నేనూ నాగన్నా అక్కడే ఉన్నాం. మార్తమ్మ వంతు. నీళ్లు పాదుల్లో పారుతున్నాయి. ఉన్నట్టుండి డబ్బాలో బల్బు ఎర్రబడింది, లోపల స్టార్టరు మీట టక్కున జారింది, మోటారు ఆగిపోయింది. మార్తమ్మ పార గట్టున గుచ్చి, లైను వెంబడే నడుచుకుంటూ తిమ్మప్ప కొట్టానికి వెళ్లింది. వెనకాలే మేమూ వెళ్లాం. ఆమె వంతులోనే ఉన్న మిగతా ఇద్దరు రైతులూ అప్పటికే బయటికొచ్చి చూస్తున్నారు.

"ఏం తిమ్మప్పన్నా, మోటారు ఏసినావంట?"

"ఒక్క గడియ ఏసినా. దానికేనా ఊరేగింపు తీసుకోనొస్తివి?"

"నేను తీసుకోని రాలేదు. ఆ డబ్బాను సూసి వాళ్లే వచ్చినారు. యాడున్నోళ్లు ఆడ నిలబడి నీ మోటారు సూస్తాండారు, సూడు."

తిమ్మప్ప తల ఎత్తి చూశాడు. నిజంగానే గట్ల మీద మనుషులు నిలబడి ఉన్నారు. అతనికి మార్తమ్మంటే లెక్క లేదు, నేనంటే అసలే లెక్క లేదు. తోటి రైతులు చూడడం మాత్రం లెక్కే. లోపలికి వెళ్లి స్విచ్చి తీసేశాడు. "పోమ్మా, పో, నీ మిరపకాయలు తడుపుకో" అన్నాడు. మాటలో కారం ఉంది. అయినా ఆ తర్వాత తప్పలేదు.

అర వంతు

మిరప పూసింది, కాసింది. మోటారు మూడోసారి కాలలేదు. మొదటి కోతకు కాయ ఎర్రబడుతున్న రోజుల్లో నేను మళ్లీ వెళ్లాను. అంతకుముందు తిమ్మప్ప వంతు వచ్చిన పూట పైనుంచి సప్లై పోయి, అతనికి నీళ్లు అందలేదు. వేరుశనగ పైరు, అక్కడివాళ్ల మాటలో బుడ్డలు, ఊడలు నేలలోకి దిగే సమయం. ఆ నాలుగు రోజులు నేలలో తడి లేకపోతే కాయ పట్టదు. తర్వాతి వంతు వచ్చేదాకా ఆగితే పైరు పోతుంది.

నేను మార్తమ్మ కొట్టంలో జాయింట్లు చూస్తుంటే తిమ్మప్ప వచ్చాడు. ఆ చేనులోకి అతను అంతకుముందు వచ్చాడో లేదో నాకు తెలియదు. వచ్చి, గట్టు మీదే నిలబడ్డాడు.

"మార్తమ్మా, బుడ్డలు ఎండిపోతాండాయి. ఈ పూట నీ వంతు నాకిస్తావా?"

ఆమె వంగి ఒక మిరప మొక్క ఆకు వెనక్కి తిప్పి చూసింది. రెండో మొక్కకు వెళ్లింది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు. దంటు తీసేయమంటే ఆమె కదలకుండా నిలబడ్డ చోటు అక్కడికి ఎంతో దూరం లేదు. అప్పుడు అడిగింది మేము, ఇప్పుడు అడుగుతున్నది అతను. ఇవ్వకపోతే అతని పైరు పోతుంది. మొత్తం ఇస్తే కోత ముందు ఆమె కాయ ముడుచుకుంటుంది. అందులో నా ఇంజనీరింగు పనికిరాదు.

"మొత్తం ఇయ్యలేనప్పా" అంది చివరికి. "అర వంతు ఇస్తా. ముందు నా పడమటి మళ్లు తడవనీ. అవి తడిసినాక నేను ఆపుతా. అంతవరకు నువ్వు ఏయగూడదు."

"నువ్వు ఆపినట్ల నాకెట్ల తెలుస్తాది?"

"గట్టు మీదికెక్కి సెయ్యి ఊపుతా. అప్పుడు ఏసుకో."

తిమ్మప్ప తలూపి వెనక్కి వెళ్లాడు. ఆమె తొందరపడలేదు. పడమటి మళ్లు చివరిదాకా తడిపింది, మడవలు కట్టింది, కాళ్లు కడుక్కుంది. అటు తిమ్మప్ప తన కొట్టం ముందు ఎండలో నిలబడే ఉన్నాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని, ఆమె ఉన్న వైపే చూస్తూ. పెద్ద మోటారు, పెద్ద బావి, చేతికందేంత దూరంలో స్విచ్చి. నొక్కితే ఆపేవాళ్లు ఎవరూ లేరు.

మార్తమ్మ మోటారు ఆపి, గట్టు ఎక్కి, చెయ్యి ఊపింది. అప్పుడు అతను లోపలికి వెళ్లాడు.